ఖాళీ కుర్చీ మీద మొగలి చాప

బరానికో మావయ్య పట్టిన పట్టు విడవడని మా నికుబారా దీవిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తెలిసీ ఆయనతో వాదనకు దిగేది నేనొక్కదాన్నే. ఆయన మా అమ్మకు అన్న, ఊరి పెద్దల్లోకల్లా పెద్ద. నేను రాజధాని తరావాలో సర్కారు వాతావరణ శాఖలో పనిచేస్తూ దేశదేశాల సభలకు వెళ్ళివచ్చినదాన్ని. ఆ తిరుగుళ్ళకు ఆయన దగ్గర పూచికపుల్ల విలువ లేదు. "నువ్వు ఎక్కడెక్కడికి పోయొస్తావో గానీ రోటియా, మనియాబాలో కుదురుగా కూర్చోవడం మాత్రం నేర్చుకోలేదే" అని అందరిముందూ అనేవాడు.

నిజమే, నాకు కుదురు తక్కువ. మనియాబాలో మాట తెమిలేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది. మనియాబా అంటే ఊరి సభాశాల, అందులో ప్రతి ఇంటివాళ్ళకూ ఒక చోటు ఉంది. ఎవరి తాతలు ఏ గుంజ పక్కన కూర్చున్నారో వాళ్ళూ అక్కడే కూర్చోవాలి. ఇంకొకరి చోట్లో కూర్చోవడమంటే వాళ్ళ వంటింట్లో దూరి కుండ దించుకుని తినడమే. ఎవరైనా రాలేకపోతే వాళ్ళ చోట్లో చాప పరిచి ఉంచుతారు. చాప ఉందంటే మనిషి ఉన్నట్టే. పెద్ద ఒక్కొక్క చోటునూ పేరుపెట్టి పిలుస్తాడు. జవాబు రాకపోతే మాట అక్కడే ఆగిపోతుంది, రేపటికో, ఆ తర్వాతి వారానికో. నోరు విప్పనివాడు ఇంకా ఆలోచిస్తున్నాడని మా లెక్క. ఆలోచిస్తున్నవాణ్ణి తొందరపెట్టడం మా దగ్గర బూతు మాట్లాడినంత తప్పు.

ఇక మావయ్య చేమగుంట. ఇసుక నేలను నిలువులోతు తవ్వి, అడుగున ఊరే మంచినీళ్ళలో చేమ పెంచుతాం. ఆయన గుంట వాళ్ళ తాతల నాటిది. దానికి ఏ ఆకులు ఎరువుగా వేస్తారో ఆ ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. పండగకు ఆయన తెచ్చే దుంపను కర్రకు కట్టి ఇద్దరు మోసేవారు. దాన్ని మనియాబా మధ్యలో దించినప్పుడు ఆయన కావాలని పక్కకు చూసేవాడు, తనకేమీ పట్టనట్టు. ఆ గర్వం చూడముచ్చటగా ఉండేది.

ఒక ఏడు పెద్ద పోటు వచ్చి సముద్రం ఊరు దాటి ఆ గుంటలో పడింది. నీళ్ళు వెనక్కి పోయాయి, ఉప్పు పోలేదు. ఆకులు పసుపెక్కాయి, దుంపలు లోపల్లోపలే కుళ్ళాయి. మళ్ళీ నాటితే మళ్ళీ కుళ్ళాయి. ఆ పండగకు మావయ్య కొట్లో కొన్న బియ్యం బస్తా తెచ్చి మధ్యలో పెట్టాడు. ఆయన తన చోట్లో కూర్చున్నాడు గానీ పండగ అయ్యేదాకా తల ఎత్తలేదు. ఆ తల చూడలేకే నేను ఆయన్ని ఒక చలిదేశంలో సభకు తీసుకువెళ్ళాను.

అది ప్రపంచ వాతావరణ సభకు ముందు జరిగే సన్నాహక సభ. అక్కడి కుర్చీలు ఆయనకు నచ్చలేదు. ఇంటినుంచి తెచ్చుకున్న చిన్న మొగలి చాప కుర్చీ మీద పరుచుకుని కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. అధ్యక్షుడు ఒక్కొక్క దేశాన్నీ పేరుపెట్టి పిలిచాడు. మా పేరు పిలిచినప్పుడు మావయ్య గుంట సంగతి చెప్పాడు. నేను తర్జుమా చేశాను. ఆ మాటకే ఒప్పందం ముసాయిదాలో ఒక వాక్యం చేరింది: "ఉప్పెక్కి పంటకు పనికిరాకుండా పోయిన నేలను నష్టంగా గుర్తించి, ఆ నష్టాన్ని భర్తీ చేయాలి." ఊళ్ళో దానికి 'గుంట మాట' అని పేరొచ్చింది. పిల్లలు బళ్ళో కంఠతా పట్టారు. మావయ్య మళ్ళీ తల ఎత్తి నడిచాడు.

ఆ సభ జరిగిన నగరంలోనే తాంగిరియా పరిచయమైంది. మా దేశపు పిల్లే, వేరే దీవి. అమ్మానాన్నా చిన్నప్పుడే పోతే అమ్మమ్మ పెంచింది, ఇప్పుడు ఆవిడా లేదు. అక్కడి ఆసుపత్రిలో నర్సు. హోటల్ తిండి మావయ్య ముట్టడం లేదని తెలిసి రోజూ అన్నం, చేప కూర వండి డబ్బాలో తెచ్చేది. తిరిగొచ్చే రోజున ఆయన చాప చుట్టి ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

"మళ్ళీ ఏడు పెద్ద సభకు ఇక్కడికే వస్తాగా. అందాకా నీ దగ్గరుంచు."

"పోగొడితే తిడతారా తాతగారూ?"

"తిట్టను. నిన్నే కొత్తది అల్లమంటాను. అది తిట్టుకన్నా కష్టం."

ఆ తర్వాత రోగం వచ్చింది. ప్రపంచంలో అందరికన్నా ముందు తలుపులు మూసుకున్నవాళ్ళల్లో మేమున్నాం. మూసుకోక ఏం చేస్తాం? ఒక్కరికి అంటుకుంటే దీవి దీవంతా మంచాన పడుతుంది. పెద్ద సభ వాయిదా పడింది. వాయిదా పడ్డ సభ మళ్ళీ పెట్టేనాటికి కూడా మా తలుపులు తెరుచుకోలేదు. వెళ్ళినవాళ్ళు ఎప్పటికి తిరిగి రాగలరో చెప్పేవాడు లేడు. మంత్రిగారు వెళ్ళలేదు, నేను వెళ్ళలేదు, చుట్టుపక్కల దీవి దేశాలవాళ్ళు చాలామంది వెళ్ళలేదు. వెళ్ళగలిగిన పెద్ద దేశాలవాళ్ళకు మనసు అక్కడ లేదు. వాళ్ళ ఆసుపత్రులు నిండిపోయాయి, శవాలు పేరుకున్నాయి. వాళ్ళ బాధ బాధ కాదని నేననను. కానీ ఇల్లు కాలుతున్నవాడికి పక్కింటి గోడ నానుతున్న సంగతి చెబితే ఎంత చెవికెక్కుతుందో మా మాట అంత ఎక్కింది. తొందరగా ముగించి ఇళ్ళకు పోదామన్నదే అందరి ఆత్రం.

తెర మీద సభను ఎవరైనా చూడవచ్చునట. మాట్లాడాలంటే మాత్రం దేశం పేరున్న కుర్చీలో ఒక మనిషి కూర్చుని బల్ల మీది మీట నొక్కాలి. అప్పుడే ఇక్కడి గొంతు అక్కడ వినిపిస్తుంది. గుంట మాట బరానికోదే గనక ఆయనే మాట్లాడతాడని మంత్రిగారు తేల్చారు. మీట నొక్కడానికి తాంగిరియా పేరు రాయించాం. నేను తరావా నుంచి పడవలో నికుబారాకు వచ్చాను.

శనివారం మధ్యాహ్నం మావయ్య ఇంటి ముందు కూర్చుని తొడ మీద కొబ్బరిపీచు తాడు పేనుతున్నాడు.

"పిల్ల కుర్చీలో కూర్చుని మీట నొక్కుతుంది మావయ్యా. తర్వాత నువ్వు మాట్లాడతావు. అంతే పని" అన్నాను.

"నొక్కమను. కుర్చీలో మాత్రం ఎందుకు? అది నా చోటు. నా చాప పరిచి వెనక వరసలో కూర్చోమను. పేరు పిలిచినప్పుడు లేచి నొక్కుతుంది."

"పేరు పిలవరు."

"మొన్న పిలవలేదూ? ఎంత మర్యాదగా పిలిచాడు ఆ బట్టతలాయన!"

"అది సన్నాహక సభ. ఆఖరి రోజున పిలుపులుండవు. 'అభ్యంతరం ఉందా' అంటాడు. ఎవరూ నోరెత్తకపోతే బల్ల మీద చెక్కసుత్తి కొట్టి తేల్చేస్తాడు. గుటక మింగేంత సేపు కూడా ఆగడు."

మావయ్య నవ్వాడు. "పిలవకుండానే తేల్చేస్తారా? అది సభా, కోళ్ళగంపా?"

"నువ్వేమన్నా అనుకో. అక్కడి పద్ధతి అది."

"నువ్వు తర్జుమా సరిగ్గా చేసుకోలేదేమో చూసుకో."

నాకు ఒళ్ళు మండింది. అయినా తమాయించుకున్నాను, ఎందుకంటే దారి ఒకటి ఆలోచించుకునే వచ్చాను. "సరే, నీ చోట్లో పరాయిపిల్ల కూర్చోకూడదు. ఒప్పుకుంటాను. అయితే దాన్ని మనవరాలిగా తీసుకో. దానికి ముందూ వెనకా ఎవరూ లేరు. నీ చోటు దానిదవుతుంది, కూర్చుంటుంది. మన ఊళ్ళో సగంమంది అలా తీసుకున్న మనవలే కదా."

తాడు పేనే చెయ్యి ఆగింది.

"మనవరాలిగా తీసుకుంటే గుంటలో వాటా ఇవ్వాలి" అన్నాడు.

"ఇవ్వు."

"ఏం ఇవ్వనే? ఆ ఉప్పునీళ్ళా? పిల్లను పిలిచి, మనవరాలివి అని ముద్దుచేసి, కుళ్ళిన గుంట చేతిలో పెట్టనా? మా తాత వింటే పాడె మీంచి లేచొచ్చి చెంప వాయిస్తాడు."

"దానికి గుంట ఎందుకు మావయ్యా? అక్కడ ఆసుపత్రిలో పని చేసుకుంటోంది."

"దానికి అక్కర్లేకపోవచ్చు. ఇచ్చేవాణ్ణి నేను." మళ్ళీ తాడు అందుకున్నాడు. "ఏమీ లేనివాడు మనవరాల్ని తీసుకోడు. ఇక ఆ మాట ఎత్తకు."

"నీ పరువు కోసం ఊరి మాట పోతే?"

"పరువు లేనివాడి మాట ఎవడు వింటాడే?"

నాకు ఇంకా కోపమొచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా విసవిసా వచ్చేశాను.

వాళ్ళ శనివారం సాయంత్రం మాకు ఆదివారం పొద్దున. బడి నుంచి కంప్యూటర్ తెచ్చి మనియాబాలో మావయ్య ముందు పెట్టాం. ఊరు ఊరంతా వచ్చి ఎవరి చోట్లలో వాళ్ళు కూర్చున్నారు. పాస్టరుగారు ప్రార్థన కాస్త వెనక్కి జరిపి, తమ ఇంటివాళ్ళ గుంజ దగ్గర చేరారు. ఆడవాళ్ళు ఉడికించిన సీమపనస, తూర చేప, టీ తెచ్చి పెట్టారు గానీ ఎవరూ ముట్టలేదు. మావయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని, తాడు ఉండ పక్కన పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. చెప్పవలసిన నాలుగు మాటలు పెదవుల్లో నెమరేసుకుంటున్నాడు.

తెర మీద పెద్ద హాలు. మా దేశం పేరున్న పలక, దాని వెనక కుర్చీ, కుర్చీ మీద మొగలి చాప. ఎంత శుభ్రంగా పరిచిందో! ఆ వెనక వరసలో తాంగిరియా. మొహానికి మాస్కు, ఒంటిమీద ఆసుపత్రి వాళ్ళ నీలం కోటు, తలకు కాగితపు పూలదండ. ఆ చలిలో పూలెక్కడ దొరుకుతాయి, తనే కత్తిరించి కట్టుకున్నట్టుంది. మనియాబాలో ఆడవాళ్ళు "మన పిల్లే, మన పిల్లే" అని ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకున్నారు. తాంగిరియా నాతో ఫోన్లో ఉంది.

అప్పుడే పక్క దేశంలోని నా నేస్తం ఒకామె ఒప్పందం ఆఖరి ప్రతి పంపింది. గుంట మాట ఉన్న పేజీ తెరిచాను. ఒకసారి చదివి, నమ్మకం కలగక మళ్ళీ చదివాను. 'నష్టాన్ని భర్తీ చేయాలి' అన్నది లేదు. ఆ చోట 'నష్టం గురించి సంభాషణ కొనసాగించాలి' అని ఉంది.

"మావయ్యా, మన మాట తీసేశారు."

ఆయనకు అర్థమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పాను.

"ఎవరు తీశారు?"

"ఎవరని చెప్పను? పెద్దవాళ్ళు. తలుపేసుకుని కూర్చుని మార్చేసుకున్నారు. మనలాంటివాళ్ళు అక్కడ ఉండి ఉంటే గుమ్మంలోనే అడ్డం పడేవాళ్ళం."

"మనల్ని అడక్కుండానే?"

"అడుగుతారు. ఇప్పుడే, ఒక్కసారే. ఆ పేజీ వచ్చినప్పుడు పిల్ల మీట నొక్కాలి, నువ్వు ఒప్పుకోనని చెప్పాలి. ఒక్క దేశం ఒప్పుకోకపోయినా ఆపి తీరాలి. అదే అక్కడి చట్టం."

ఆయన తల ఊపాడు. "అయితే సరే. పిలవనీ."

"పిలవడు మావయ్యా!" నా గొంతు మనియాబా అంతా వినిపించింది. అక్కడ అలా అరవకూడదు. పాస్టరుగారు తల దించుకున్నారు.

ఫోన్లో తాంగిరియా గొంతు చిన్నగా వచ్చింది. "పిన్నీ, గబగబా చదివేస్తున్నాడు. ఒక్కో పేజీకీ సుత్తి కొడుతున్నాడు. మనది వచ్చేస్తోంది."

"కూర్చో తల్లీ. కూర్చుని నొక్కు."

"తాతగారు చెప్పారా?"

"నేను చెబుతున్నాగా!"

"మీరు చెబితే ఎలా పిన్నీ? ఆ చోటు మీది కూడా కాదుగా."

నిజం. నేను మా నాన్న చోటుదాన్ని. "పోనీ చెయ్యి చాపి నొక్కు" అన్నాను.

"అందదు పిన్నీ. చాప మీంచి వంగాలి. పెద్దాయన చాప మీంచి ఎలా వంగను?"

ఆ పిల్లను అక్కడే చితకబాదాలనిపించింది. అదే సమయంలో, మా అమ్మ ఉంటే ఆ పిల్లను దగ్గరకు తీసుకుని నుదురు ముద్దుపెట్టుకునేది కదా అని కూడా అనిపించింది. ఫోను పక్కన పెట్టి మావయ్య వైపు తిరిగాను. "మావయ్యా, ఒక్క మాట. మనవరాలు అను. అంటే చాలు, కూర్చుంటుంది."

మనియాబాలో అందరూ ఆయన వైపే చూశారు. ఆయన తెర మీది చాపను చూస్తున్నాడు. వేళ్ళు తాడు ఉండ మీద కదులుతున్నాయి. నాకు తెలుసు ఆయన ఏం తూస్తున్నాడో. ఒక పక్క గుంట మాట, ఇంకో పక్క ఇవ్వడానికి మంచి జానెడు నేల లేని తన చెయ్యి. ఎవరూ దగ్గలేదు, కదల్లేదు. ఆలోచిస్తున్న మనిషిని మేం తొందరపెట్టం. పుట్టి బుద్ధెరిగి మొదటిసారి ఆ మర్యాద నాకు గొంతు నులిమినట్టు అనిపించింది.

తెర మీద అధ్యక్షుడు తల ఎత్తాడు. హాలును ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. ఆయన చూపు మా కుర్చీ మీదుగా వెళ్ళింది. దేశం పేరుంది, మనిషి లేడు. వెనక వరసలో ఎవరో పూలదండ పెట్టుకున్న అమ్మాయి ఉంది. ఆయన కాగితం మీదికి వంగి ఏదో అన్నాడు. సుత్తి కొట్టాడు. ఖాళీ కొబ్బరిచిప్ప నేల మీద పడ్డట్టు చిన్న చప్పుడు, అంతే.

ఇంకొన్ని సుత్తి దెబ్బల తర్వాత హాల్లో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. కొందరు కౌగిలించుకోబోయి, రోగం గుర్తొచ్చి, మోచేతులు తాకించుకున్నారు. కొందరు అప్పుడే సంచులు సర్దుకుంటున్నారు.

"మనల్ని ఎప్పుడు పిలుస్తారే?" అన్నాడు మావయ్య.

ఆయన చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఉన్నాడు. "అయిపోయింది మావయ్యా" అన్నాను.

"ఏది?"

"సభ."

"నేనింకా మాట్లాడలేదుగా."

"మాట్లాడలేదు కాబట్టే అయిపోయింది. అక్కడ నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టు."

ఆయన నన్ను కాసేపు చూశాడు, నేను ఎకసెక్కాలు ఆడుతున్నానేమోనని. తర్వాత కుడిపక్క చోట్లో ఉన్న ముసలాయన వైపు వంగి, "నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టట" అన్నాడు. ఆయన తన పక్కాయనకు చెప్పాడు. ఆ మాట చోటు నుంచి చోటుకు మనియాబా చుట్టూ తిరిగింది. ఏ గుంజ దగ్గరా ఎవరూ కోప్పడలేదు. వినలేదేమోనని అనుమానపడి ఒకళ్ళనొకళ్ళు మళ్ళీ అడిగారు. నాకు మాత్రం అందరి మీదా మండిపోతోంది. ఆ సుత్తి మీద, ఆ రోగం మీద, మావయ్య మీద, వంగలేని ఆ పిల్ల మీద. ఆ కంప్యూటర్ ఎత్తి సముద్రంలో పారేద్దామనుకున్నాను.

ఫోన్లోంచి ఏడుపు వినిపించింది.

"ఎవరు ఏడుస్తున్నది?" అన్నాడు మావయ్య.

"తాంగిరియా. అంతా తనవల్లే పోయిందని."

"ఇటియ్యి." ఫోను ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతుల్లో, నీళ్ళు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అందరికీ వినబడేట్టు నేను ఫోను శబ్దం పెంచాను. "అమ్మా, నా కుర్చీలో కూర్చున్నావా?"

"లేదు తాతగారూ. అది మీ చోటు కదా."

"ఎవరు నేర్పారు నీకు?"

"మా అమ్మమ్మ."

"బాగా పెంచింది." ఫోను ఇంకా దగ్గరకు తీసుకున్నాడు. "నువ్వు ఏడవకు. తప్పు నీది కాదు. నిన్న మా రోటియా నిన్ను మనవరాలిగా తీసుకోమంది. నీకివ్వడానికి నా దగ్గర ఉప్పుగుంట తప్ప ఏమీ లేదని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు మానుకునేలోపు వాడు సుత్తి కొట్టేశాడు. ఇప్పుడు ఇస్తే తీసుకుంటావా?"

"ఏంటి తాతగారూ?"

"గుంటలో వాటా. చేమ లేదు అందులో. నాటినా రాదు. నీళ్ళు నోట పెట్టలేం. మా తాతలు తవ్వారు, అదొక్కటే దానికున్న గొప్ప. వాటాతోపాటు చోటూ నీదే."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఇవ్వండి తాతా" అంది.

మావయ్య వీపు నిటారు చేసి, పద్ధతి ప్రకారం ఒక్కొక్క చోటునూ పేరుపెట్టి పిలిచాడు. "విన్నారా?" అని అడిగాడు. "విన్నాం" అని ఒక్కొక్క గుంజ దగ్గర నుంచీ జవాబొచ్చింది. మా నాన్న చోటును పిలిచినప్పుడు నేనూ అన్నాను. ఎంతసేపు పట్టిందో! ఈసారి నాకు తొందర లేదు.

"ఇప్పుడు కూర్చో" అన్నాడు ఫోన్లో.

తెర మీద హాలు దాదాపు ఖాళీ. తాంగిరియా ముందు వరసలోకి వచ్చి, చాప అంచు సర్ది, కాళ్ళు మడుచుకుని కుర్చీలో కూర్చుంది. మీట నొక్కింది. దీపం వెలగలేదు. మళ్ళీ నొక్కింది. కప్పులు ఏరుకుంటూ వస్తున్న పనివాడు ఆగి ఏదో అడిగాడు. ఆమె మా భాషలోనే జవాబు చెప్పింది. "ఇది మా తాత చోటు" అంది. వాడికి ఏం అర్థమైందో, తల ఊపి ఆ బల్ల వదిలేసి పక్క వరసలోకి వెళ్ళాడు.

"చెప్పు" అన్నాడు మావయ్య.

గుంట మాట మొత్తం చెప్పింది, తీసేసిన ముక్కతో సహా. ఖాళీ హాల్లో ఆ గొంతు ఎంతదూరం పోయిందో తెలియదు గానీ మనియాబాలో పిల్లలు ఆమెతోపాటు పెదవులు కదిపారు. సగంలో బొమ్మ ఆగిపోయింది. ఫోన్లో మాట మాత్రం చివరిదాకా వచ్చింది. మావయ్య "విన్నాం" అని, మెల్లగా లేచి, ప్రార్థనకు నడిచాడు.

మర్నాడు రాత్రికి నా పడవ. చెప్పి వెళదామని ఇంటికి పోతే ఆయన లేడు. గుంటలో ఉన్నాడు. మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి కుళ్ళిన ఆకులు గంపలోకి ఎత్తుతున్నాడు. ఏళ్ళతరబడి అటువైపు కన్నెత్తి చూడని మనిషి.

"ఏంటిది మావయ్యా? ఇందులో ఏం మొలుస్తుందని?"

"ఏదీ మొలవదు."

"మరెందుకు ఈ చాకిరీ?"

"తలుపులు తెరిస్తే పిల్ల వస్తుంది కదే. నా వాటా ఎక్కడిదాకా తాతా అని అడుగుతుంది. ఈ చెత్తలో ఏం చూపించను?"

కసురుకుందామనుకున్నాను. కానీ చెప్పులు గట్టున విడిచి దిగాను. ఆకులెత్తుతుంటే నీళ్ళు మొహాన చిమ్మాయి. ఉప్పు కళ్ళలో పడి మండింది. ఆ మంటలో నేను ఏడ్చినా ఆయనకు కనపడలేదు, కనపడినా ఆకులెత్తడం ఆపలేదు.

సాయంత్రానికి అడుగు తేలింది. మావయ్య కొబ్బరి కర్ర ఒకటి చెక్కి గుంట మధ్యలో హద్దుగా దిగ్గొట్టాడు. తనకు గట్టువైపు మెరక ఉంచుకుని, లోతైన వైపు పిల్లకిచ్చాడు. ఒకప్పుడు చేమదుంప బాగా ఊరేది ఆ వైపే.